స్నేహితుడి పెళ్ళికి డీజే మీరే అయితే

పెళ్ళి కుదరగానే స్నేహితుడు ఫోన్ చేసి "సంగీత్‌కి డీజే నువ్వే రా, బయటివాళ్ళు వద్దు" అంటే కాదనడం కష్టం. ఒప్పుకోండి, కానీ ఆ రాత్రి ఎలా ఉంటుందో ముందే తెలుసుకుని ఒప్పుకోండి. ఆ నాలుగు గంటలూ మీరు ఫొటోల్లో ఉండరు. మిగతా స్నేహితులంతా స్టేజి ముందు ఎగురుతుంటే మీరు ఆ గుంపులో ఉండరు. భోజనం అందరికన్నా ముందు చేయాలి, లేదా అందరూ లేచాక చేయాలి. మందు ముట్టుకోకూడదు. ఇవన్నీ సరే అనిపిస్తేనే మాట ఇవ్వండి. కాదనిపిస్తే ఒక మంచి డీజేని వెతికి పెట్టండి, అదీ సాయమే.

నేను ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో చిన్న కంట్రోలర్ (లాప్‌టాప్‌కు తగిలించి పాటలు కలిపే పరికరం) మీద నేర్చుకున్నవాడిని. ఇప్పటిదాకా ఆరుగురు స్నేహితుల పెళ్ళిళ్ళకు పాటలు వేశాను. డబ్బు తీసుకుని వచ్చే డీజే మనకన్నా బాగా మిక్స్ చేస్తాడు. అతనికి తెలియనిది ఆ ఇంటి మనుషులు. పెళ్ళికొడుకు మేనమామ ఏ పాటకు లేస్తాడో, కాలేజీ రోజుల్లో బస్సులో అందరూ కలిసి ఏ పాట పాడారో మనకు తెలుసు. ఆ తెలిసినతనం పనికి రావాలంటే కార్యక్రమం జరుగుతున్నంత సేపూ మన కళ్ళు మనుషుల మీద ఉండాలి, లాప్‌టాప్ తెర మీద కాదు. ముందు రోజుల్లో ఎంత పని చేసుకున్నా అందుకే.

ఏ ఘట్టానికి పిలిచారో అడగండి

"పెళ్ళికి డీజే" అంటే సరిపోదు. హల్దీకా, సంగీత్‌కా, రిసెప్షన్‌కా, బరాత్‌కా? ఒక్కోదానికి ఒక్కో రకం పని. హల్దీకి ఒక మంచి బ్లూటూత్ స్పీకరు, ఓ ముప్పై పాటల జాబితా చాలు. రిసెప్షన్‌లో సగం సేపు జనం వరసలో నిలబడి అక్షింతలు వేసి ఫొటో దిగుతుంటారు కాబట్టి మాట వినిపించేంత మెల్లగా పాట నడవాలి. అసలు పని సంగీత్‌లోనే ఉంటుంది.

బరాత్ మాత్రం ఇంట్లో నేర్చుకున్నవాళ్ళు నెత్తిన వేసుకోవద్దు. బండి మీద జనరేటరు, రోడ్డు మీద ట్రాఫిక్, పోలీసు అనుమతి, ఊరేగింపు ముందు చిన్నపిల్లలు... అది వేరే అనుభవం కావాల్సిన పని. బ్యాండు వాళ్ళకో డప్పుల వాళ్ళకో అప్పగించమని నేరుగా చెప్పండి.

ముహూర్తం సమయంలో మీ స్పీకర్లు మూగగా ఉండాలి. అక్కడ సన్నాయి, డోలు వాళ్ళదే రాజ్యం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తాళి కట్టేటప్పుడు పంతులుగారు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగాలి. ఆ క్షణంలో వేరే శబ్దం ఏదీ చెవిన పడకూడదనే ఆ మేళం. సినిమా పాట ఎంత గొప్పదైనా దాని మీద వేస్తే తప్పే. తలంబ్రాల దగ్గర కుర్రకారు సరదాగా పాట అడుగుతారు. పెద్దవాళ్ళు సరేనంటే వేయండి. అప్పగింతలకు వేయకండి. ఆ ఏడుపు వెనుక పాట పెట్టాలని వీడియో వాళ్ళకు అనిపిస్తుంది కానీ, ఆ పని వాళ్ళు ఎడిటింగ్‌లో చేసుకుంటారు.

రెండు ఇళ్ళతోనూ మాట్లాడండి

పెళ్ళికి మూడు వారాల ముందు వధూవరులతో విడివిడిగా అరగంట కూర్చోండి. విడివిడిగా అని ఎందుకంటున్నానంటే, ఇద్దరూ పక్కపక్కన ఉంటే ఒకరి ఇష్టానికి ఇంకొకరు తలూపుతారు. తప్పకుండా రావాల్సిన పది పాటలు, ఎంత అడిగినా వేయకూడని పాటలు రాయించుకోండి. రెండోదే ముఖ్యం. విడిపోయిన ప్రేమను గుర్తు చేసే పాట, ఈమధ్యే పోయిన తాతగారికి ఇష్టమైన పాట, తల్లిదండ్రుల ముందు ఇబ్బంది పెట్టే బూతు మాటల పాట ఇందులోకి వస్తాయి. అడగకపోతే ఇవి మీకు ఎవరూ చెప్పరు.

ఇంట్లో ఏయే వయసు వాళ్ళు వస్తున్నారు, ఎక్కడి నుంచి వస్తున్నారు అన్నది కూడా అడగండి. హన్మకొండలో ఒక పెళ్ళి చేశాను. అబ్బాయి వాళ్ళది అక్కడే, అమ్మాయి వాళ్ళది రాజమండ్రి. అబ్బాయి వైపు జానపదాలు, డప్పు దరువులు పడితే ఆగరు. అమ్మాయి వైపు పెద్దవాళ్ళకు పాత యుగళగీతాలంటే ప్రాణం. ఒక గంటసేపు ఒక వైపు పాటలే వేస్తే రెండో వైపు వాళ్ళు కుర్చీలు వెనక్కి జరుపుకుని ఫోన్లు చూసుకుంటారు. నేను మూడేసి పాటలు మార్చుతూ వెళ్ళాను. నాలుగో విడతకు ఎవరు ఎటు వైపో తెలియకుండా కలిసిపోయారు.

హీరోల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే హీరో పాటలు వరసగా నాలుగు పడితే రెండో హీరో అభిమానులు అరవడం మొదలుపెడతారు. కొన్ని ఊళ్ళలో అది అరుపులతో ఆగదు. వరసగా రెండుకు మించి వేయకండి. రాజకీయ పార్టీల పాటలు అసలే వద్దు, ఎవరొచ్చి అడిగినా సరే.

ఇంకో రెండు మాటలు మొహమాటం లేకుండా తేల్చుకోండి. స్పీకర్ల అద్దె ఎవరు కడతారు? ఆ రోజు ఏ సందేహం వచ్చినా మీరు ఎవరిని అడగాలి? పెళ్ళికొడుకును ఆ రోజు ఏదీ అడగలేరు. అతని తమ్ముడో, బావో ఒక్కరి నంబరు తీసుకోండి.

పాటలు సిద్ధం చేసుకోవడం

నాలుగు గంటల్లో డ్యాన్సు నడిచేది రెండు గంటలు అనుకోండి. మన సినిమా పాట నాలుగైదు నిమిషాలుంటుంది. డ్యాన్సులో దాన్ని మొత్తం వేయరు. పల్లవి, మొదటి చరణం, మళ్ళీ పల్లవి, అక్కడ దిగిపోవాలి. రెండో చరణానికి జనం అలసిపోతారు. అంటే పాటకు రెండు నిమిషాలు, గంటకు ముప్పై పాటలు. రెండు గంటలకు అరవై పాటలు కావాలి. ఎంచుకోవడానికి వీలుండాలి కాబట్టి నూటయాభై దాకా దగ్గర పెట్టుకోండి. అంతకు మించితే వెతుక్కోవడానికే సరిపోతుంది.

ప్రతి పాటనూ ఇంట్లో ఒకసారి పూర్తిగా విని, దరువు మొదలయ్యే చోట ఒకటి, పల్లవి మొదట ఒకటి, దిగిపోవాల్సిన చోట ఒకటి హాట్ క్యూ (బటన్ నొక్కగానే పాట ఆ చోటుకు దూకే గుర్తు) పెట్టుకోండి. మన పాటల్లో ముందు అరనిమిషం ఆలాపనో డైలాగో ఉంటుంది. స్టేజి ముందు నిలబడ్డవాళ్ళకు అది చాలా ఎక్కువ సేపు.

వీడియోల నుంచి లాగిన పాటలు వాడకండి. చెవిలో పెట్టుకుని వింటే బాగానే ఉన్నట్టుంటాయి, పెద్ద స్పీకరులో బేస్ ముద్దగా, పైస్వరాలు గరగరలాడుతూ వస్తాయి. కొనుక్కుని 320 కేబీపీఎస్ నాణ్యతలో ఉంచుకోండి. ఇంటర్నెట్ మీద ఆధారపడి పాటలు వేయాలనుకోకండి. ఆరొందల మంది ఒకే హాల్లో ఫోన్లు పట్టుకుని ఉంటే సిగ్నల్ ఉండదు. పాత పాటలు కొత్తవాటికన్నా మెల్లగా వినిపిస్తాయి. డీజే సాఫ్ట్‌వేర్‌లో ఆటో గెయిన్ (పాటలన్నిటి శబ్దాన్ని ఒకే స్థాయికి తెచ్చేది) ఉంటే ఆన్ చేయండి. అయినా చెవితో ఒకసారి సరిచూసుకోండి.

మన దరువులతో ఒక చిక్కు ఉంది. నేర్పే వీడియోలన్నీ నాలుగు దెబ్బల లెక్కతో చెబుతాయి. మన జానపదాలు, డప్పు పాటలు చాలావరకు ఆరు మాత్రల నడకలో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. నిమిషానికి 110 దెబ్బల నడక ఉన్న పాటకు 165 అని చూపిస్తుంది. రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే సింక్ బటన్ నొక్కితే రెండు పాటలూ కొట్టుకుంటాయి. కాబట్టి ఇలాంటి పాటలన్నిటినీ ఒక ఫోల్డరులో వేరుగా పెట్టి, కాలితో తాళం వేసుకుంటూ టెంపోను చేత్తో సరిచేయండి. నాలుగు నడక పాట నుంచి ఆరు నడకకు మారాలంటే కలపడానికి ప్రయత్నించొద్దు. పల్లవి చివరి మాట మీద ఎకో వేసి ఆపండి, ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంచండి, వెంటనే డప్పు మొదలుపెట్టండి. ఆ నిశ్శబ్దంలో అందరూ మీ వైపు చూస్తారు. దరువు పడగానే వచ్చే కేక ఏ మిక్సింగుకూ రాదు.

తీన్‌మార్ కోసం కూడా రెండు మూడు నిమిషాల ఉత్తి దరువు ట్రాకు ఒకటి పెట్టుకోండి. ఆ దెబ్బ హైదరాబాద్ మర్ఫా నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో కొలువు చేసిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నగరానికి తెచ్చిన వాయిద్యం అది. ఈరోజు తెలుగువాళ్ళ ఏ ఊరేగింపులోనైనా కాళ్ళు దానికే లేస్తున్నాయి. పాట ఏదీ పనిచేయనప్పుడు నన్ను కాపాడేది అదే.

కుటుంబాల డ్యాన్సు ట్రాకులు వేరే పని. కజిన్స్ ఒక మెడ్లీ కత్తిరించి పంపుతారు, అత్తలు ఇంకోటి పంపుతారు, చివరి నిమిషంలో మార్చింది వాట్సాప్‌లో వస్తుంది. రెండు రోజుల ముందు గడువు పెట్టండి. వీడియోగా కాకుండా ఆడియో ఫైలుగా, డాక్యుమెంట్‌లా పంపమని చెప్పండి. పేరు మార్చి, వరస నంబరు పెట్టండి: "01 పెళ్ళికూతురి కజిన్స్", "02 పిన్నులు". ప్రతి గ్రూపునూ ఒకటే అడగండి: పాట మొదలయ్యాక స్టేజి ఎక్కుతారా, ఎక్కి నిలబడ్డాక పాట మొదలుపెట్టాలా? దీని దగ్గరే ఎక్కువ గందరగోళం జరుగుతుంది.

అన్నీ అయ్యాక మొత్తం ఫోల్డరును రెండు పెన్‌డ్రైవుల్లో కాపీ చేయండి. ఒకటి మీ జేబులో, ఒకటి మీకు తోడుగా ఉండే స్నేహితుడి జేబులో ఉండాలి. ఫోన్లో కూడా గంటన్నర పాటల జాబితా డౌన్‌లోడ్ చేసి ఉంచండి.

సౌండు, కరెంటు

స్పీకర్లు మీరు మోసుకెళ్ళకండి. ఊళ్ళో సౌండ్ వాళ్ళ దగ్గర అద్దెకు తీసుకోండి, వాళ్ళ మనిషి ఒకరు చివరిదాకా ఉండేలా మాట్లాడండి. మూడొందల మంది హాలుకు రెండు పదిహేనంగుళాల టాపులు (మామూలు స్పీకర్లు), రెండు పద్దెనిమిదంగుళాల బేసు స్పీకర్లు సరిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ దగ్గర ఎక్కువగా కనిపించే డీడీజే ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటి కంట్రోలరుకు వెనక ఆర్‌సీఏ అవుట్ (ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టేది) మాత్రమే ఉంటుంది. వాళ్ళ మిక్సరులో పెట్టడానికి ఆర్‌సీఏ నుంచి లావు జాక్‌కు వెళ్ళే వైరు మీరే కొనుక్కుని తీసుకెళ్ళండి, రెండు తీసుకెళ్ళండి.

గుయ్‌మని హమ్మింగ్ వస్తే ముందు లాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. ఆగిపోతే ఛార్జరును మిక్సరు పెట్టిన బోర్డులోనే పెట్టండి. లైట్లు, ఎల్‌ఈడీ తెర వాళ్ళ లైను వేరుగా ఉండాలి. హమ్మింగ్ పోవాలని త్రీపిన్‌లో ఎర్త్ పిన్ను తీసేవాళ్ళుంటారు, ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి, షాక్ కొడితే ప్రాణం పోతుంది. ఆన్ చేసేటప్పుడు ముందు లాప్‌టాప్, తర్వాత మిక్సరు, చివర స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు. ఈ వరస తప్పితే వచ్చే "ఠప్" దెబ్బకు స్పీకరు పాడైపోవచ్చు.

హన్మకొండ పెళ్ళిలోనే ఇంకోటి జరిగింది. లైట్ల వాళ్ళలో ఎవరో మా ఎక్స్‌టెన్షన్ బాక్సు పీకి వాళ్ళది పెట్టుకున్నారు. నేను చూసుకోలేదు. లాప్‌టాప్ అరగంట బ్యాటరీ మీద నడిచి, సరిగ్గా అందరూ ఊపు మీదున్నప్పుడు ఆరిపోయింది. మళ్ళీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో పెళ్ళికూతురి మేనత్తలు ఇద్దరు చప్పట్లు కొడుతూ పెళ్ళిపాట అందుకున్నారు. చుట్టూ చేరిన వాళ్ళంతా గొంతు కలిపారు. లాప్‌టాప్ తెరుచుకున్నా నేను పాట వేయలేదు, మైకు తీసుకెళ్ళి వాళ్ళకిచ్చాను. అప్పటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా "పాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని ముందే అడుగుతున్నాను. ప్లగ్గు మీద టేపు అంటించి "డీజే, పీకవద్దు" అని కూడా రాస్తున్నాను.

కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు మిక్సరు ఆగకుండా ఒక చిన్న యూపీఎస్ పెట్టుకుంటే మంచిది. కార్డ్‌లెస్ మైకుకు కొత్త బ్యాటరీలు వేసి, ఇంకో జత జేబులో పెట్టుకోండి. మైకు పట్టుకున్నవాళ్ళు స్పీకరు ముందుకు వస్తే కూత పెడుతుంది. స్పీకర్లకు వెనక వైపు నిలబడి మాట్లాడమని చెప్పండి.

టైము, అనుమతి

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. హాలు నాలుగు గోడల మధ్య, లోపలి వాళ్ళకు వినిపించేంత వరకే మినహాయింపు. లాన్‌లో చేస్తే ఆ మినహాయింపు లేదు. అంటే లాన్ పెళ్ళిలో మీ చివరి పాట 9:55కి అయిపోవాలి. కార్యక్రమాన్ని వెనక నుంచి లెక్కవేయండి. పదింటికి ఆపాలంటే ఏడింటికి కుటుంబాల డ్యాన్సులు మొదలవ్వాలి. మన పెళ్ళిళ్ళలో గంట ఆలస్యం మామూలే కాబట్టి ఆరింటికని చెప్పించండి. లౌడ్‌స్పీకరుకు పోలీసు అనుమతి తీసుకున్నారో లేదో పెళ్ళివారిని అడిగి, ఆ కాగితం ఫొటో మీ ఫోన్లో ఉంచుకోండి.

పాటల రాయల్టీ కట్టమని హాలు వాళ్ళో ఇంకెవరో అడిగితే కంగారు పడకండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ పెళ్ళి వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. పెళ్ళి ఊరేగింపు, దానికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకే వస్తాయని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రకటన ఇచ్చి స్పష్టం చేసింది.

శబ్దం ఎంత ఉండాలన్నది చట్టంతో అయిపోయే విషయం కాదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు, 100 దగ్గర పావుగంట మించితే వినికిడికి ప్రమాదమని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. స్పీకరు ముందు నిలబడితే వంద సులువుగా దాటుతుంది. పెద్దవాళ్ళ కుర్చీలు, పసిపిల్లల తల్లులు హాలు చివర కూర్చునేలా ముందే చూడండి. స్పీకర్లు డ్యాన్సు చేసే చోటు వైపు తిప్పండి, భోజనాల వైపు కాదు.

ఆ సాయంత్రం

రెండు గంటల ముందు హాలుకు చేరండి. తినండి. లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ ఆపేసి, నోటిఫికేషన్లు, స్లీప్, అప్‌డేట్లు అన్నీ ఆపండి. ఖాళీ హాల్లో విన్న శబ్దం మనుషులు నిండాక తగ్గినట్టుంటుంది. దానికి కంగారుపడి ఎర్ర లైటు వెలిగేదాకా పెంచొద్దు. మీ మీటరు ఆకుపచ్చలోనే ఉండాలి, చాలకపోతే సౌండ్ మనిషిని పెంచమనాలి.

మొదటి పాట కుర్రవాళ్ళకు వేయాలని అందరికీ ఉంటుంది. నేను ఎప్పుడూ పెద్దవాళ్ళతో మొదలుపెడతాను. అమ్మానాన్నల వయసు వాళ్ళు పెళ్ళి చేసుకున్న రోజుల నాటి పాట ఒకటి వేసి, పెళ్ళికొడుకు అక్కతో "వాళ్ళను లేపండి అక్కా" అని ముందే చెప్పి ఉంచుతాను. ఒక్క బాబాయి లేచి పిన్ని చెయ్యి పట్టుకుంటే చాలు, సిగ్గుపడే ఇల్లు మొత్తం లేస్తుంది. కుర్రవాళ్ళను లేపడం పెద్ద పని కాదు, వాళ్ళు ఎప్పుడైనా వస్తారు. పెద్దవాళ్ళు తొమ్మిదింటికి భోజనానికి వెళ్ళారంటే మళ్ళీ రారు.

పాటలు అడిగేవాళ్ళు వరస కడతారు. "ఇప్పుడే వెయ్యి తమ్ముడూ" అంటారు. ఎవరికీ లేదనకండి, వెంటనే వేయనూ వేయకండి. "రెండు పాటల తర్వాత వేస్తాను బాబాయ్" అని కాగితం మీద రాసుకోండి, నిజంగా వేయండి. రాసుకోవడం ఆయన చూస్తారు, మళ్ళీ రారు. వేయకూడని జాబితాలోది అడిగితే "అది నా దగ్గర లేదండి" అనకండి, ఫోన్ తీసి ఇస్తారు. "పెళ్ళికూతురు వద్దన్నారు" అని ఉన్న మాట చెప్పండి.

ఇక మనుషులను చూడడం. పాదాలు చూడండి. నడుము కదులుతూ పాదాలు నేలను వదలకపోతే ఆ పాట వాళ్ళకు పరవాలేదు అంతే, మార్చే సమయం దగ్గరపడింది. వెనక వరసలో కూర్చున్నవాళ్ళు పెదవులు కదుపుతుంటే ఆ కాలం పాట ఇంకోటి వేయండి. చుట్టూ చేరినవాళ్ళు వలయంగా మారి మధ్యలో ఒక్కరే ఆడుతుంటే ఆ పాటను కత్తిరించకండి, అది పూర్తయ్యేదాకా ఉంచండి. అరగంటకోసారి నాలుగైదు నిమిషాలు నెమ్మదైన పాట వేసి నీళ్ళు తాగనివ్వండి. వధూవరులు అలసిపోయారో లేదో వాళ్ళ ముఖంలో చూడండి. పొద్దున నాలుగింటి ముహూర్తమైతే పెళ్ళికూతురు రాత్రంతా నిద్రపోదు, ఆమెను పదే పదే స్టేజి మీదికి లాగే పాటలు వేయొద్దు.

ఆపడానికి పావుగంట ముందు మైకులో చెప్పండి: "ఇంకా మూడు పాటలే, దూరంగా ఉన్నవాళ్ళు వచ్చేయండి." చెప్పకుండా ఆపితే ఎవరికో ఒకరికి మనసు నొచ్చుకుంటుంది, చెబితే ఆ మూడు పాటలకూ హాలంతా వస్తుంది. చివరిది మీకూ పెళ్ళికొడుక్కీ, మీ గుంపుకీ తెలిసిన పాట వేయండి. అప్పుడు మాత్రం తోడున్న స్నేహితుడిని కంట్రోలరు దగ్గర నిలబెట్టి, మీరు వెళ్ళి పెళ్ళికొడుకు భుజం మీద చెయ్యి వేయండి.

తర్వాత స్పీకర్లు ముందు ఆపి, వైర్లు లెక్కపెట్టి సర్దుకోండి. ఆ రెండు ఆర్‌సీఏ వైర్లూ అక్కడే మిగిలిపోతుంటాయి.